మూఢం వెళ్ళాక రాద్దామన్న కాగితం

నేను దస్తావేజులు రాసి బతికేవాణ్ణి. గూడూరులో రిజిస్ట్రేషను ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద నాకో బల్ల, రెండు కుర్చీలు, ఈమధ్య ఒక కంప్యూటరు ఉన్నాయి. అమ్మకాలు, తనఖాలు, అన్నదమ్ముల పంపకాలు, ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని. నోటిమాటను నమ్ముకోవద్దని వచ్చినవాళ్ళకు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. తోడబుట్టినవాడి దగ్గరైనా సరే, కాగితం లేకుండా జానెడు నేల తీసుకోవద్దని కసిరేవాణ్ణి. అలాంటి నేను నా సొంత ఊళ్ళో పదిహేను కుటుంబాల నోట మట్టి కొట్టాను. ఇందులో ఎవరి కుట్రా లేదు. నా మొహమాటం, నా పంచాంగం, అంతే.

మా ఊరు చిట్టమూరు వైపు, సముద్రానికి దగ్గర. వరి పొలాలు, వాటిని ఆనుకుని రొయ్యల గుంటలు. పొలాలున్నవాళ్ళకు ఇళ్ళున్నాయి. ఆ పొలాల్లో పనిచేసేవాళ్ళకు లేవు. ఎవరి కళ్ళంలోనో, ఎవరి పశువుల కొట్టం పక్కనో గుడిసె వేసుకుంటారు, పొమ్మన్న రోజున తట్టాబుట్టా సర్దుకుని ఇంకోచోటికి మారతారు. ఊళ్ళో స్థలం కొనే మాటే లేదు, గుంటలు వచ్చాక నేల వాళ్ళకు అందకుండా పోయింది. ప్రభుత్వం స్థలాలు ఇవ్వలేదని అనను. ఇచ్చింది, ఊరికి ఐదు కిలోమీటర్ల అవతల, పల్లంలో. కార్తీకం వానలకు అక్కడ హద్దురాళ్ళు కూడా కనబడవు.

అలా మారుతూ బతికేవాళ్ళలో ఇడ్లీలక్క ఒకామె. ఊరంతా ఆమెను అలాగే పిలుస్తుంది. నాకంటే పదేళ్ళు పెద్ద. మొగుడు పోయి చాలాకాలమైంది. పొద్దున ఇడ్లీలు వేస్తుంది, ఆ తర్వాత కూలికి పోతుంది. ఒక్కతే కూతురు, ముప్పై ఏళ్ళది. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఆ పిల్లకు చెవులు పోయాయి, మాట రాలేదు. బడికి పంపలేదు, ఎవరూ ఏమీ నేర్పలేదు. తనే కొన్ని సైగలు కల్పించుకుంది. నుదుటి మీద అడ్డంగా వేలు గీస్తే పూజారి, చెంప కింద చెయ్యి పెడితే వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని, మీసం మెలేస్తే నేను. నాకు మీసం లేదు. మా నాన్నకు ఉండేది, ఆయన లెక్కలోనే నన్నూ జమకట్టేసింది. ఈ సైగలు మా ఊళ్ళో చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ తెలుసు. ఊరి పొలిమేర దాటితే ఒక్కరికీ తెలియవు.

అక్క ఒకసారి కూతురిని వెంటబెట్టుకుని ఆ పల్లంలోని స్థలం చూసి వచ్చింది. వచ్చి మా అరుగు మీద కూలబడింది.

"ఆడికి పోతే ఇది ఎవురితో మాట్టాడతాది అబ్బయా? నేనుండేన్నాళ్ళు నేనుండాను. నేను పోయినాక?"

ఆమె అడిగింది మేడ కాదు. తను పోయాక కూడా కూతురిని ఎవరూ లేవగొట్టలేని ఒక గది, ఈ ఊళ్ళోనే. అంతకుమించి ఆమె నోట ఇంకో కోరిక నేను వినలేదు.

ఆ ఏడు కార్తీకం చివర్లో తుఫాను వచ్చి గుడిసెల కప్పులన్నీ లేచిపోయాయి. పదిహేను కుటుంబాలూ మా ఊరి పెద్దరైతు ధాన్యం గోదాములో తలదాచుకున్నాయి. ఆయనకు ఎనభై దగ్గర పడ్డాయి. నోరు దురుసు, చెయ్యి మాత్రం పెద్దది. భార్య పోయాక ఒంటరిగా వండుకు తినేవాడు, కొడుకులిద్దరూ నెల్లూరులో వ్యాపారాల్లో ఉన్నారు. నాలుగో రోజు పొద్దున గోదాములోకి వచ్చి, తడిసిన బొంతలన్నీ ఒకసారి చూసి, అందరినీ తిట్టడం మొదలుపెట్టాడు.

"ఎన్నాళ్ళు ఇట్టా కోళ్ళ మాదిరి? బడి పక్కన నా మెట్టచేను ఉత్తదే పడుండాది గదా. ఆడ కట్టుకోండి. ఎవురో వొచ్చి కట్టిస్తారని కూసోబాకండి. నాట్లకు ఒకరి చేలోకి ఒకరు పోతారే, ఇదీ అట్నే చేసుకోండి."

ఆయన విసుక్కుని వెళ్ళిపోయాక గానీ అది నిజమని మాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత వారం రోజులు మా ఊరు నాకు కొత్తగా కనిపించింది. నేను ముందుండి సంఘం పెట్టించాను. నియమాలు కూడా నేనే రాశాను, పొడుగాటి వాక్యాలతో, నా అలవాటు ప్రకారం. ప్రతి ఇంటికీ మిగిలిన పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ వచ్చి పనిచెయ్యాలి. ఊరి మేస్త్రీ పని చెప్పాలి, చేతులు మనవి. ఏ ఇంటినీ బయటివాళ్ళకు అమ్మకూడదు, వద్దనుకున్నవాళ్ళు సంఘానికే తిరిగి ఇచ్చెయ్యాలి. మొదటి ఇల్లు ఎవరిదన్న మాట వచ్చినప్పుడు అందరూ ఒక్క నోటితో ఇడ్లీలక్కదన్నారు. ఆడవాళ్ళు చేను శుభ్రం చేసి ముగ్గుపిండితో ఇళ్ళ గీతలు గీశారు, నిజం ఇంటి కొలతల్లోనే. ఇది వసారా, ఇది గది, ఇక్కడ పొయ్యి. అక్క కూతురు తమ గది గీతల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నానికి రమ్మన్నా లేవలేదు. అందరం నవ్వాం. ఇప్పుడు ఆ నవ్వు తల్చుకుంటే నాకు అన్నం సహించదు.

చేను చూడ్డానికి వచ్చిన పెద్దాయన ఆ రోజే నన్ను అడిగాడు.

"కాగితం ఎప్పుడు రాస్తావురా?"

నేను చేతులు కట్టుకుని చెప్పాను. "తొందరేముందండీ. ఎల్లుండి నుంచి శుక్ర మూఢం. మాఘంలో మంచిరోజు చూసి రిజిస్ట్రేషను, శంకుస్థాపన ఒకేరోజు పెట్టుకుందాం."

శుక్రుడు కనబడని ఆ రెండున్నర నెలలూ మావైపు పెళ్ళి చెయ్యరు, పునాది తియ్యరు, భూమి రాయించుకోరు. మా షెడ్డు కింద మేమంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. అయితే నిజం ఒప్పుకోవాలి, మూఢం సగం కారణమే. మిగతా సగం సిగ్గు. ఎనభై ఏళ్ళ మనిషి, దగ్గుతో ఆయాసపడుతున్నాడు. అన్న మర్నాడే కాగితాలు పట్టుకుని ఎదురుగా నిలబడితే, ఈయన ఎప్పుడు పోతాడోనని ఎగబడినట్టు ఉండదా? ఊరు ఏమనుకుంటుంది? అసలు దానం ఇచ్చేవాడి దగ్గర సంతకం అడగడమేమిటి? బల్ల ముందు ఎవరైనా ఈ మాట అని ఉంటే నేను వాళ్ళను చీవాట్లు పెట్టి ఉండేవాణ్ణి.

అక్క మాత్రం అప్పుడే అంది. "ఇల్లు లేనోళ్ళకి మూఢమేంది అబ్బయా? రేపే రాయరాదా?"

"తెలిసీ తెలియక మాట్లాడబాకక్కా. మొదటి ఇల్లు నీదే గదా. దోషం తగిలితే ఎవురికి తగలతాది?" అన్నాను.

ఆమె కూతురి వైపు చూసి గబుక్కున నోరు మూసుకుంది. ఆ మాట అని ఆమెను భయపెట్టినందుకు నన్ను నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.

పెద్దాయన ఇంకోసారి కూడా అడిగాడు, వాళ్ళ వసారాలో. "నేనుండగానే రాయరా." నేను కంగారుపడి, "ఏం మాటలండీ అవి, నూరేళ్ళుంటారు" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, "దాందేముందిలే, నీ పంచాంగం నువ్వు చూసుకో" అని లోపలికి వెళ్ళాడు.

ఇటుకలు చెయ్యడానికి మూఢం అడ్డం కాదని పూజారి చెప్పాడు. అందుకని ఆ నెలలన్నీ చేలో సిమెంటు ఇటుకలు చేశారు. కూలి నుంచి వచ్చి పొద్దుగూకేదాకా ఇసుక జల్లించేవాళ్ళు, అచ్చులు నింపేవాళ్ళు. అక్క ఇడ్లీలు అమ్ముడుపోగానే అక్కడే ఉండేది. కూతురు ఇటుకలకు నీళ్ళు పట్టేది, ఎవరైనా తడి ఇటుక మీద చెయ్యి వేస్తే మూతి ముడిచి కసిరేది. వరసలు బడి గోడ ఎత్తుకు లేచాయి.

పుష్యమాసంలో ఒక పొద్దున పెద్దాయన నిద్రలోనే పోయాడు. మూఢం పోవడానికి ఇంకా ఇరవై రోజుల పైన ఉంది.

కర్మలు అయ్యేదాకా నేను నోరెత్తలేదు, అదీ మొహమాటమే. అయ్యాక సంఘం వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాను. కొడుకులు మర్యాదగా కుర్చీలు వేయించి కాఫీ ఇచ్చారు. చెడ్డవాళ్ళని చెప్పలేను. పెద్దవాడు అంతా విని, "అన్నా, నాయన ఏదో అన్నాడని మేమూ విన్యాం. కాగితమేమన్నా ఉండాదా?" అన్నాడు.

"లేదు."

"దస్తావేజులు రాసేవాళ్ళు, మీకు తెలీనిదేముందన్నా" అన్నాడు. వెక్కిరించలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. నా వెనక నిలబడ్డ పదిహేనుమందిలో ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మూఢం వెళ్ళిన వారానికి, మాఘంలో మంచి ముహూర్తం చూసుకుని, కొడుకులిద్దరూ గూడూరు వచ్చారు. మెట్టచేను రొయ్యల గుంటలు తవ్వే ఒకాయనకు అమ్మేశారు. వాళ్ళ తాత కాలం నుంచి ఆ ఇంటి దస్తావేజులన్నీ మా నాన్న, ఆయన తర్వాత నేను రాశాం. అలవాటుగా నా బల్ల ముందే కూర్చున్నారు. నేను రాయనంటే పక్క బల్ల ఆయన పది నిమిషాల్లో రాసిస్తాడు, నా పౌరుషం వల్ల చేను ఆగదు. అలా నాకు నేను చెప్పుకున్నాను. నాకు సిగ్గు లేదని అనుకోండి, అభ్యంతరం లేదు. హద్దులు రాశాను, పడమర బడి గోడ, ఉత్తరం రోడ్డు. 'సదరు ఆస్తిపై ఇతరులకు ఏ విధమైన హక్కులు గానీ తగాదాలు గానీ లేవు' అని ప్రతి దస్తావేజులో రాసే వాక్యం ఇందులోనూ రాశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఎదురుగా కూర్చుని ఏడ్చాను.

పొక్లెయిను వచ్చి వారంలో గుంట తవ్వేసింది. ఇటుకలు తీసుకుపొమ్మన్నారు. ఎక్కడికి తీసుకుపోతారు? చివరికి అవి గుంట గట్టున మోటారు షెడ్డుకు పనికొచ్చాయి. సంఘంలో కొందరు పల్లంలోని స్థలాలకు పోయి పట్టలు కప్పుకున్నారు. కొందరు గూడూరులో అద్దె గదులకు పోయారు. సంఘం పుస్తకం మా బీరువాలో ఉంది. తియ్యాలంటే భయం.

అక్క ఊరు వదలలేదు. ఒక రైతు తన కొట్టం పక్కన మూల చూపించాడు. అయితే బడి పక్క చేను గొడవ విన్నప్పటి నుంచి ఊళ్ళో భూములున్నవాళ్ళందరికీ అనుమానం పట్టుకుంది, గుడిసె వేసుకున్నవాళ్ళు రేపు మాదేనంటారేమోనని. అందుకని ఆయన ముందుగానే ఒక కాగితం రాసిమ్మన్నాడు. ఆమెను కాగితం అడగడానికి ఆయనకు ఏ మొహమాటమూ అడ్డం రాలేదు, ఏ మూఢమూ అడ్డం రాలేదు.

ఆదివారం అక్క కూతురిని తీసుకుని మా ఇంటికి వచ్చింది. నన్ను చూడగానే ఆ పిల్ల మీసం మెలేసి నవ్వింది. నేను కాగితం తీసుకుని అక్క మాటగా రాశాను, ఆ స్థలం మీద నాకు ఏ హక్కూ లేదని, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోతానని. చదివి వినిపించాను. అక్క శ్రద్ధగా విన్నది. వేలిముద్ర వెయ్యబోయి ఆగింది.

"దీంట్లో నా బిడ్డ పేరు లేదే అబ్బయా. దాని పేరు గూడా రాయి. రేపు నేను పోతే, ఆ కాగితం దాని చేతిలో ఉంటాది."

ఆ కాగితం రైతు చేతికి పోతుందని, అందులో ఉన్నది వెళ్ళిపోతామన్న మాట తప్ప ఇంకేమీ కాదని ఆమెకు చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె కూతురి బొటనవేలును తన కొంగుతో తుడుస్తోంది, ముద్ర శుభ్రంగా పడాలని. ఆమె పేరు పక్కన ఆ పిల్ల పేరు కూడా రాశాను.