మందు మోతాదు చెప్పాలంటే మగగొంతు ఉండాలంట

ఇవాళ అద్దంకిలో నేను పనిచేసే పురుగుమందుల కొట్టుకి ఒక మిరప రైతు వచ్చాడు. స్ప్రేయర్ ట్యాంకుకి ఒక్క మూత మందే కలపమని, ఎక్కువైతే రెండెకరాల పూతా రాలిపోతుందని చెప్పాను. నమ్మక తన ఫోన్‌ని అడిగాడు. అందులోని ఆడగొంతు కూడా నా మాటే చెప్పింది.

"ఇదీ ఆడదేగా! దీనికేం తెలుసు సేద్యం? మగగొంతు పెట్టమ్మాయ్."

పెట్టాను. అదే ఫోను, అదే జవాబు.

"చూశావా, ఆయన ఎంత బాగా చెప్పాడో!" అని నాకే పాఠం చెప్పాడు. నాలుగేళ్లు డబ్బాల మీది చిన్నక్షరాలు చదివి నేర్చుకున్నదాన్ని, ఒళ్లు మండిపోయింది.

వెళ్తూ వెళ్తూ ఫోన్ మళ్లీ చాపాడు. "ఆ అమ్మాయినే పెట్టు, పాటలు అడగాలి."

"ఆయన్నే పాడమను బాబాయ్," అన్నాను.

మీ ఫోన్లో ఎవరి గొంతుంది? ఎందుకు పెట్టుకున్నారు? నిజం చెప్పండి.