ఏడింటి పావుగంట

అనంతగిరి దాటాక లారీ మమ్మల్ని ఘాట్ రోడ్డు పక్కన దింపింది. జూలై నెల. ఎడతెగని వాన. అక్కడినుంచి పోస్టుకి నడకే. భుజాన రైఫిలు, వీపున సంచి, బూట్లలో జలగలు. కాఫీ తోటల్లోంచి ఎక్కి పైకి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. పోస్టంటే ఇసుక బస్తాల గోడ, పైన రేకులు, చుట్టూ ముళ్ళకంచె. కొత్తగా వేస్తున్న రోడ్డుకీ, సగం లేచిన సెల్‌టవరుకీ, మావోయిస్టులు పేల్చెయ్యకుండా మేం కాపలా. టవరు సగమే లేచింది కాబట్టి సిగ్నల్ లేదు. దానికి కాపలా కాస్తూ ఇంటికి ఒక్క ఫోను చేసుకోలేకపోయాం.

మబ్బు విడితే దూరంగా కింద ఎస్.కోట దీపాలు కనిపించేవి. మా ఊరు ఆ పక్కనే. ఇంట్లో మా అమ్మ, నా భార్య కరుణ. కరుణకి ఏడో నెల. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారీ అలా అవుతుందేమోనని ఆమెకి భయం, నాకూ భయమే. బయల్దేరేముందు నా దగ్గర మాట తీసుకుంది.

"రోజూ ఏడుకి పావుగంట ప్రార్థన. మీరక్కడ, నేనిక్కడ. ఒకే టైముకి సేత్తే మీరు పక్కనున్నట్టుంటాది."

పావుగంటే కదా అని ఒప్పుకున్నాను.

సాయంత్రం ఏడంటే ఏమిటో పోస్టులో తెలిసింది. చీకటి పడేలోపు అందరూ మోర్చాల్లో, అంటే బస్తాల వెనక కాపలా గుంటల్లో, ఉండాలి. ఏడుకి కింద కంట్రోలు రూము రేడియోలో ప్రతి పోస్టునీ పిలిచి రిపోర్టు అడుగుతుంది. జనరేటరు ఆ టైముకే మొరాయిస్తుంది. వంటవాడికి అప్పుడే కట్టెలు తడిసిపోతాయి. నేను మోకాళ్ళేస్తే చాలు, కొండమీద ఉన్న పనులన్నీ నన్ను వెతుక్కుంటూ వచ్చేవి.

రేడియో ఆపరేటరుది శ్రీకాకుళం. జేబులో ముగ్గురు దేవుళ్ళ పటాలు పెట్టుకు తిరిగేవాడు.

"ఏటన్నా, మళ్ళీ మోకాళ్ళేసీసినావా? బేగి లెగు. కంట్రోలు పిలుత్తంది, తూటాల లెక్క సెప్పాలట."

లేచేవాణ్ణి. తిరిగొచ్చేసరికి ఎక్కడిదాకా వచ్చానో గుర్తుండేది కాదు. మళ్ళీ "పరలోకమందున్న మా తండ్రీ" దగ్గర మొదలు. ఆ మొదటి వాక్యం ఆ కొండమీద నేను చెప్పినన్నిసార్లు ఏ పాస్టరూ చెప్పి ఉండడు.

ఏడుకి ఆ పావుగంట నన్ను వదిలెయ్యమని సెక్షన్ కమాండర్ని వెళ్ళి అడిగాను. ఆయనకి విసుగొచ్చింది.

"మీ ప్రభువు ఎనిమిదింటికి వినడా?"

"వింటాడు సార్. మా ఆవిడ ఏడన్నది."

ఒకసారి సెంట్రీ డ్యూటీలో ఉండగానే కళ్ళు మూసుకున్నాను. కమాండరు వెనకనుంచి వచ్చి హెల్మెట్ మీద కొట్టాడు. "కళ్ళు మూసుకున్న సెంట్రీని శవం అంటారు" అన్నాడు. సరే, కళ్ళు తెరిచే చేద్దామని చూశాను. ప్రతి పొదా కదులుతున్నట్టే కనిపించింది. మనసు దేవుడి మీద ఎక్కడ నిలుస్తుంది?

ఆ పావుగంట కోసం మరుగుదొడ్డి గుంటలు నేనే తవ్వాను. ఇంకొకడి బదులు తెల్లవారుజామున మందుపాతరల కోసం రోడ్డు కింద కల్వర్టులు వెతికాను. అయినా వారంలో రెండు రోజులు దక్కితే ఎక్కువ. మా సంఘంలో కొందరు ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని "ప్రార్థనకి టైం దొరకట్లేదు బ్రదర్" అంటారు. వింటే ఒళ్ళు మండుతుంది. నాకు మాత్రం దొరికిందా అని గుర్తొచ్చి ఇంకా మండుతుంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం అద్భుతం జరిగింది. ఏడయింది, ఎవరూ పిలవలేదు. రేడియో సెట్టు గురగురమంటూనే ఉంది, ఆపరేటరు మాత్రం నా వైపు రాలేదు. పావుగంటా పూర్తిగా చేశాను. తల్లినీ బిడ్డనీ కాపాడమని నోరారా అడిగాను. లేచి చూస్తే ఆపరేటరు ఎదురుగా పళ్ళికిలిస్తూ నిలబడి ఉన్నాడు.

"ఆడగుంట పుట్టిందన్నా. ఇద్దరూ బాగున్నారట. మీవోళ్ళు ఫోను సేత్తే కంట్రోలు సెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"నువ్వు కూకున్నప్పుడే. నువ్వు అదే అడుగుతున్నావు కదా, పూర్తిగా అడగనిచ్చి సెప్దామని ఆగినాను."

వాణ్ణి కొట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను. సెలవడిగితే బదులు మనిషి లేడన్నారు. ఆ కోపంలోనూ ఏడింటి మాట మాత్రం వదల్లేదు. వంటవాడితో, కమాండరుతో, జనరేటరుతో రోజూ పోట్లాడుతూనే ఉన్నాను.

డిసెంబరులో కొండ దిగాను. ఇల్లు చేరి, పాపని ఒళ్ళో వేసుకుని, కాస్త గొప్పగానే చెప్పాను. నీతోపాటు ఏడుకి కూర్చోవడానికి ఎన్ని పాట్లు పడ్డానో చూడమన్నాను.

కరుణ నా మొహం చూడకుండా పాప గుడ్డలు మడతపెట్టింది.

"నాకు ఏడుకి ఏ రోజు కుదిరిందండి? ఆ టైముకే అత్తకి సూది, గేదెకి కుడితి. పొద్దున్న కుళాయి కాడ సేసుకునేదాన్ని."

"మరి ఒక్క ఉత్తరం ముక్కైనా రాయొచ్చు కదా?"

"సెప్తే మీరూ మానేత్తారని."

కోపంతో ఆ రాత్రి సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున్న బిందెలు మోయడానికి ఆమె వెనకాలే వెళ్ళాను. వీధి కుళాయి. చలి. కరుణ బిందె పెట్టి కళ్ళు మూసుకుంది. బిందె నిండింది. నీళ్ళు పొర్లి ఆమె పాదాల మీదుగా కాలవలోకి పోతున్నాయి. వెనక వరసలో ఉన్నది వీధంతటికీ నోటి దురుసు మనిషి. ఆమె ఇప్పుడు అరుస్తుందని నేనే కుళాయి కట్టబోయాను. ఆ నోటి దురుసు మనిషే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు బాబూ. రోజూ ఇంతే. అయిపోద్ది."

దగ్గరగా జరిగితే కరుణ మాటలు వినిపించాయి.

"ఆ కొండమీదున్న మనిషిని బేగి ఇంటికి పంపు తండ్రీ" అంటోంది.

రెండో బిందె పట్టుకుని నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.