గలాలీ పెద్దాయన తుపాకి కట్టె

మొన్న ఇక్కడ బహ్రెయిన్‌లోనే, అమ్వాజ్ దిక్కు ఒక ఫ్లాటుకు తలుపు బిగించడానికి పోతే, ఆ ఇంటావిడ ఒక పాత కట్టెపెట్టె, వాళ్ల అమ్మమ్మదట, తెచ్చి నా ముందు పెట్టి, దీన్ని కొత్తదానిలా చేసిపెట్టమని అడిగింది. మూత మీద వేడి గిన్నె పెట్టిన మచ్చ, ఒక మూలన ఎవరో మేకుతో చెక్కిన వంకర అక్షరాలు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, ఒక్క పూటలో నిగనిగలాడించి ఇవ్వగలను. కానీ చేయి ముందుకు పోలేదు. ఈ మచ్చలు పోతే మళ్లీ రావమ్మా, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెప్పండి అని పెట్టెను అక్కడే వదిలి వచ్చేశాను. పని ఎగ్గొట్టే మనిషి అనుకొని ఉంటుంది. అనుకోనీ. ఆ భయం ఎక్కడిదో చెప్పాలంటే, నేను ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నా వయసువాళ్లు, పరాయి దేశంలో చేతిపనితో బతికినవాళ్లు అర్థం చేసుకుంటారనే ధైర్యంతో చెబుతున్నాను.

మాది జగిత్యాల దిక్కు. తాతల నాటి నుంచీ ఉలి, బాడిసె పట్టినవాళ్లం. బహ్రెయిన్ అయినా మస్కట్ అయినా మా దిక్కు అందరికీ దుబాయే కాబట్టి, నేనూ దుబాయి పోతున్నానని చెప్పే ఇక్కడికి వచ్చాను. నాకు వీసా ఇచ్చిన యజమానికి, అంటే మా కఫీల్‌కు, ముహర్రక్‌లో చిన్న వడ్రంగి దుకాణం ఉండేది. రెండేళ్లకే అరబ్బీ నా నాలుకకు పట్టుబడింది. తోటివాళ్లు సైగలతో నెట్టుకొస్తుంటే నేను గిరాకీలతో గలగలా మాట్లాడేవాణ్ణి, అది చూసుకొని లోలోపల మురిసిపోయేవాణ్ణి. పనిలోనూ అంతే, నా చేయి పడితే వస్తువు మెరిసి తీరాలన్న పొగరు.

ఒకరోజు కఫీల్ నన్ను గలాలీలో ఒక పెద్దాయన ఇంటికి పంపాడు. డెబ్బై దాటినా నిటారుగా నడిచే మనిషి. బీరువా తాళం తీసి, గుడ్డలో చుట్టిన తుపాకి ఒకటి తెచ్చి బల్ల మీద పరిచాడు. నేను అంతవరకు తుపాకిని పోలీసుల భుజాన తప్ప దగ్గరగా చూడలేదు. ఇది వాటికంటే పొట్టిది. ట్రిగ్గర్ చుట్టూ ఒక ఇనుప కడియం, దాన్ని కిందికి తోసి పైకి లాగితే కాలిన తూటా గొట్టం ఎగిరి బయటపడుతుంది, కొత్త తూటా లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఖాళీ తుపాకినే ఆయన రెండుమూడుసార్లు అలా ఆడించి చూపించాడు. ఎంత ముద్దైన పని! బాగా కుదిరిన గడియ పడినప్పటి చప్పుడు, ఎక్కడా గరగర లేదు. దీనికి పెద్ద తూటాలు పట్టవని, పిస్తోలులో వేసే పొట్టివే వేస్తారని, అందుకే ముసలి భుజానికి కూడా దెబ్బ తెలియదని చెబుతూ ఆయన కళ్లతోనే నవ్వాడు.

లైసెన్సు తీసుకొని దాన్ని కొన్నది ఆయన అన్న. వేటకు కాదు, ఎవరినీ బెదిరించడానికీ కాదు. రిఫా అవతల అప్పట్లో ఇల్లు వాకిలి లేని ఇసుక నేల మీద, శుక్రవారాలు అన్నదమ్ములిద్దరూ ఖాళీ డబ్బాలు వరుసగా పెట్టి కాల్చేవాళ్లట. గెలిచినవాడు భుజానికి ఆనే కట్టె మీద కత్తిమొనతో చిన్న గీత పెట్టుకోవాలి, కుడివైపు అన్న, ఎడమవైపు తమ్ముడు. అన్న పోయి అప్పటికే చాలా ఏళ్లు. ఆయన ఇదంతా అరబ్బీలో చెబుతుంటే, తుపాకి ముందు నా వాగుడు అణగిపోయి, ఊరికే తల ఊపుతూ విన్నాను.

ఆ కట్టె సన్నటి మెడ దగ్గర నిలువునా చీలింది. తుపాకి ఇల్లు దాటకూడదు కాబట్టి ఆయన మర విప్పి కట్టె ఒక్కటే నా చేతికిచ్చాడు. "చీలిక మాత్రమే అతికించు. మిగతా కట్టెను ముట్టుకోకు" అని అరబ్బీలోనే నెమ్మదిగా చెప్పాడు. నేను మళ్లీ తల ఊపాను. ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు.

చీలికలోకి జిగురు పట్టించి, క్లాంపు బిగించి, మరునాడు విప్పితే వెంట్రుకంత గీత కూడా కనిపించలేదు. పైకి పొంగిన జిగురును గరుకు కాగితంతో రుద్దాను. అక్కడ అక్రోటు కట్టె తేనెరంగులో తేలింది, దాని పక్కన మిగతాదంతా మురికిగా కనిపించింది. ఇంకొంచెం రుద్దితే ఏం పోతుంది, చూస్తే ఆయనే సంతోషపడతాడు అనుకున్నాను. గీతల దగ్గరికి వచ్చినప్పుడు నా చేయి ఆగింది, ఆగలేదని చెబితే అబద్ధం. ఎడమవైపు కొన్నే ఉన్నాయి, కుడివైపు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఆగిన చేతిని నేనే మళ్లీ కదిలించాను. చెంప ఆనించి ఆనించి చెమటకు నల్లబడిన చోటు కూడా పోయింది. సాయంత్రానికి దుకాణంలో అందరూ ఆ కట్టెను చేతులు మార్చుకుంటూ మెచ్చుకున్నారు.

పెద్దాయన కట్టెను తుపాకికి బిగించి, ముందుగా బొటనవేలితో కుడివైపు తడిమాడు. తరువాత ఎడమవైపు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో తిప్పి చూశాడు. ఈసారి హిందీలో అడిగాడు, "గీతలేవి?"

నేనూ హిందీలోనే అన్నాను, "హాజీ, నాకు అరబ్బీ రాదు. పాలిష్ చేయమన్నారనుకున్నా."

ఆయన నా మొహంలోకి చూసి, తుపాకిని గుడ్డలో చుట్టేశాడు. "తప్పు నాదే, భాయ్. నీకు తెలిసిన భాషలో చెప్పాల్సింది. నువ్వేం చేస్తావు!" అన్నాడు. పైగా చీలిక బాగా అతికిందని మెచ్చుకొని, చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ నేను తాగాను. తిట్టి ఉంటే ఆ తిట్టు అక్కడితో పోయేది.

ఆడిన అబద్ధానికి తరువాత ఎంత చాకిరీ చేశానో. ఒకసారి గిరాకీతో గట్టిగా మాట్లాడుతుంటే ఆయన దుకాణం ముందు కారు దిగాడు, నేను అరబ్బీని సగంలోనే మింగి మూగవాడిలా నిలబడ్డాను. గలాలీ పని వస్తే ఏదో సాకు చెప్పి వేరేవాళ్లను పంపేవాణ్ణి.

నాలుగేళ్లకు ఆయన కొడుకు ఫోన్ చేశాడు, నాన్న పడిపోతున్నాడు, గోడ వెంబడి పట్టుకొని నడిచే కట్టె బిగించాలని. ఈసారి సాకు చెప్పలేకపోయాను. పని ముగించి, కుర్చీలో కూర్చున్న ఆయన ముందు నిలబడి, అరబ్బీలోనే మొత్తం చెప్పాను. ఆ రోజు ప్రతి మాటా అర్థమైందని, తెలిసి తెలిసి రుద్దానని, ఆపైన అబద్ధమాడానని. కొడుకు మొహం ఎర్రబడింది. పెద్దాయన మాత్రం గబుక్కున ముందుకు వంగాడు.

"అయితే అవి ఏమిటో తెలిసే చూశావు కదా. మా అన్నవి ఎన్ని గీతలు ఉండేవి?"

అన్న బతికుండగా లెక్కపెట్టాలని తోచలేదట, పోయాక మనసు రాలేదట. అవేమిటో తెలియనివాడు ఎందుకు లెక్కపెడతాడని నన్ను అప్పుడు అడగలేదట. ఆ రోజే అడిగి ఉంటే వరుస వరుసా చెప్పేవాణ్ణి, ఒక్కొక్కటీ నా వేలి కిందనే చెరిగిపోయింది మరి. నాలుగేళ్లలో ఎన్నో తలుపులు, ఎన్నో బల్లలు. ఒక అంకె చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది.

"గుర్తులేదు, హాజీ" అన్నాను.

ఆయన మెల్లగా వెనక్కి వాలాడు. "ఖలాస్, పోనీలే. చాలానే ఉండేవి. ఎప్పుడూ వాడే గెలిచేవాడు" అన్నాడు.

ఆ మరుసటి ఏడే పెద్దాయన పోయాడు. డబ్బాలు పెట్టి కాల్చిన ఇసుక నేల ఎక్కడో ఈనాడు ఎవరూ చూపించలేరు, రిఫా అంతటా ఇళ్లే, వాటిలో కొన్నింటికి ద్వారబంధాలు నిలబెట్టింది నేనే. ఇప్పుడు మా దిక్కు నుంచి వచ్చే పిల్లలు ఫోన్ ముందు పెడితే, అరబ్బీలో అన్నమాట క్షణంలో తెలుగులో పలుకుతుంది. భాష రాదని తప్పించుకునే దారి ఎవరికీ లేదు, మంచిదే. కానీ ఒక కూలివాడు భాష రాదంటే నిజమే కాబోలనుకొని, తప్పు తన మీద వేసుకొని, ఎదురుగా కూర్చోబెట్టి చాయ్ పోసిన మనుషులు కూడా ఆ కాలంతోనే పోయారేమో. అలాంటివాళ్లలో ఒకరు నాకు దొరికితే, ఆయన నమ్మకాన్ని నేను వాడుకున్నది దేనికో తలచుకుంటే, ఇంత వయసొచ్చినా తల ఎత్తబుద్ధి కాదు.