మూడో గంటలో కట్టిన గడ్డ

ఊరిబడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆస్పత్రి ల్యాబులో సీసాలు కడిగే పనిలో చేరి, ముప్పై నాలుగేళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. రంగు వేసిన స్లైడు మీద ఊదాగా కనిపించే సూక్ష్మజీవులు ద్రాక్షగుత్తుల్లా గుమిగూడితే స్టెఫిలోకాకస్, పూసల దండలా సాగితే స్ట్రెప్టోకాకస్. పుస్తకం పట్టకముందే కంటితో నేర్చుకున్నాను. నా చేతికింద పదకొండుమంది టెక్నీషియన్లు తయారయ్యారు. అలాంటి నాకే ఒక బాలింత చెమటలు పట్టించింది.

కాన్పయిన నాలుగో రోజున ఆమెకు చలిజ్వరం వచ్చింది. రక్తం పట్టిన రెండు సీసాల్లోనూ గుత్తులే పెరిగాయి. చర్మం మీద ఊరికే ఉండే రకమా, గుండె దాకా పాకే చెడ్డ రకమా తేల్చాలి. గొట్టంలో పోసిన ప్లాస్మాలో కలిపితే చెడ్డది నాలుగు గంటల్లోపు గడ్డ కట్టిస్తుంది. నా శిష్యురాలు సాయంత్రం ఆ గొట్టం పెట్టి వెళ్లి, పొద్దున వచ్చి చూసింది. నీళ్లలా ఉంది.

"చర్మం మీదదే బాబాయ్‌గారూ. జ్వరం కూడా తగ్గిందట, డాక్టరుగారు మందు ఆపి ఇంటికి పంపేస్తామంటున్నారు."

"మధ్యలో చూశావా?"

"రాత్రంతా దాని పక్కన పడుకోమంటారా ఏంటి?"

"పొద్దున్నే పెట్టమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! కొన్ని రకాలు కట్టిన గడ్డను తెల్లారేసరికి అవే కరిగించేస్తాయి. ఇల్లు దోచిన దొంగ తలుపు దగ్గరగా వేసి పోయినట్టు."

డాక్టరుకు ఫోను చేశాను.

"ఒంటిగంట దాకా ఆగండి సార్."

"మంచం కోసం ఇంకొకరు కూర్చున్నారు పెద్దాయనా. మీ చాదస్తం కాకపోతే..."

"చాదస్తమే అనుకోండి. రెండు సీసాల్లోనూ ఒకటే పెరిగింది సార్. సూది గుచ్చేటప్పుడు చర్మం మీదది పడుంటే ఒకదాంట్లోనే పెరిగేది."

తొమ్మిదికి కొత్త గొట్టం పెట్టాను. పదికి నీళ్లు. పదకొండుకీ నీళ్లే. బాలింత తల్లి కిటికీ దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, పిల్ల మళ్లీ వణుకుతోంది. ఇంటికి పొమ్మన్నారు. తీసుకెళ్లనా?"

"కదలకమ్మా" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

పన్నెండుకి గొట్టాన్ని మెల్లగా వంచాను. కుదిపితే లేత గడ్డ చెదిరిపోతుంది. అడుగున జిగురు ముద్ద జారకుండా పట్టుకుని ఉంది.

"కట్టింది! బాబాయ్‌గారూ, కట్టింది!" నాకంటే ముందు శిష్యురాలే ఫోను అందుకుంది.

డాక్టరు స్వయంగా వచ్చి గొట్టం వంచి చూశారు. మందు మార్చి, గుండెకు స్కాను రాశారు. గుండె కవాటం మీద ఆ సూక్ష్మజీవులు గూడు కట్టిన చిన్న మొలక కనిపించింది. ఆరు వారాలు సూదిమందు పడింది. ఏడో వారం ఆ పిల్ల బిడ్డనెత్తుకుని తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లింది.