తలుపుల మేస్త్రి, గోడల్లేని బడి

తలుపుల మేస్త్రి ఇల్లెక్కడంటే ఆ ఊళ్ళో చంటిపిల్లలు కూడా చూపిస్తారు. ఆయనకి పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది, ఎవరికి కావాలి? నలభై ఏళ్ళుగా చేసింది తలుపులు. కుర్చీ చెయ్యమన్నా చేస్తాడు, బల్ల చెయ్యమన్నా చేస్తాడు, కానీ ముఖం మాడ్చుకుని చేస్తాడు. తలుపు చెయ్యమంటే మాత్రం తిండి కూడా గుర్తుండదు. పాత బడిలో పద్దెనిమిది గదులకీ పద్దెనిమిది తలుపులు ఆయన చేసినవే. "నా తలుపు వేశాక లోపల ఏనుగు ఘీంకరించినా బయటికి వినబడదు" అనేవాడు. కాస్త ఎక్కువ చెప్పాడని నవ్వేవాళ్ళు గానీ, అబద్ధమని ఎవరూ అనలేదు.

అలాంటి మనిషికి ఎంత అవమానమో చూడండి! పాత బడి పడగొట్టి కొత్తది కట్టారు. అందులో తలుపుల్లేవు. తలుపులు బిగించడానికి లోపల గోడలే లేవు. ఒకటే పెద్ద హాలు, ఆరు తరగతులు, నూట డెబ్బై మంది పిల్లలు. ఎవరి చాపలు, ఎవరి కుర్చీలు వాళ్ళవి, మధ్యలో మాత్రం గాలి.

"అది బడా, రైల్వే స్టేషనా?" అన్నాడు మేస్త్రి.

అంతవరకే అయితే విసుక్కుని ఊరుకునేవాడు. కానీ ఆయన చిన్నకూతురు అక్కడే మూడో తరగతికి టీచరు. కొత్త హాల్లోకి మారిన నాలుగు నెలలకే ఆమె గొంతు బొంగురుపోయింది. పక్క తరగతుల గోలని దాటి వినబడాలని పొద్దున్నించీ అరిచి అరిచి, సాయంత్రం ఇంట్లో సైగలతో మాట్లాడేది. డాక్టరు చూసి మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఇలాగే అరిస్తే పరీక్షల నాటికి గొంతు పూర్తిగా పోతుంది, అరవకుండా పాఠం చెప్పే వీలుంటే చెప్పుకో, లేకపోతే ఆ పని మానెయ్యి అని. ఆ పిల్లకి పాఠం చెప్పడం మానెయ్యమంటే ఊపిరి మానెయ్యమన్నట్టే. ఆ రాత్రి మేస్త్రికి కోపంతో నిద్ర పట్టలేదు. తెల్లారగానే బడికి వెళ్ళి పెద్ద టీచరు ఎదుట కూర్చున్నాడు.

"పైవాళ్ళు గోడ మాత్రం కట్టనివ్వరు మేస్త్రిగారూ," అందావిడ. "చెక్కపనైతే మూడో తరగతి మూలకి ఏదైనా చేసి చూడండి. పనికొస్తే మిగతావాళ్ళకీ చేయిద్దాం."

మేస్త్రికి ఒక పద్ధతి ఉంది. టేపు బయటికి తీసేముందు ఆ చోట ఒక పూర్తి రోజు ఊరికే కూర్చుంటాడు. మనుషులు ఎటు నడుస్తారో, ఎండ ఎక్కడ పడుతుందో చూడకుండా కొలతలు తీసేవాడు వడ్రంగే కాదంటాడు. ఇక్కడ ఒక రోజు చాలలేదు. మూడు రోజులు కూర్చున్నాడు.

మొదటిరోజు చెవులు హోరెత్తిపోయాయి. ఒకవైపు ఎక్కాలు, ఒకవైపు పద్యం, ఇంకోవైపు కప్ప గుండెకి ఎన్ని గదులో చెబుతున్నారు. అంతలో ఎవరో కుర్చీ జరిపితే కీచుమని నరాలు లాగేసింది. "కప్పకున్నన్ని గదులు కూడా లేవు ఈ బడికి" అని గొణుక్కున్నాడు.

రెండోరోజు ఆయనకి ఒక వింత కనబడింది. ఒకటో తరగతి పిల్ల, రెండు జడలది, తల వంచుకుని బొమ్మకి రంగు వేస్తూ పన్నెండో ఎక్కం గడగడా చెప్పేస్తోంది. మేస్త్రి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవరు నేర్పారే నీకు?"

"ఎవ్వరూ నేర్పలేదు తాతా. అటునించి వస్తుంది," అని నాలుగో తరగతి వైపు కుంచె చూపించింది.

ఔరా! పాఠం కూడా పోపు వాసనలాగా పక్కింటికి పోతుందన్నమాట. మేస్త్రికి భలే ముచ్చటేసింది. ఆ మధ్యాహ్నమే ఒక పిల్లవాడు కుర్చీ మీంచి పడ్డాడు. వాడి టీచరు బోర్డు దగ్గర్నించి తిరిగేలోగా పక్క తరగతుల నుంచి ఇద్దరు టీచర్లు వచ్చి లేవనెత్తేశారు. గదులున్న బడిలో ఇది జరిగేదా? జరిగేది కాదు. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం ఆయనకి మనసు రాలేదు.

మూడోరోజు పిల్లలంతా వెళ్ళిపోయాక, హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టడం, చెవి ఒగ్గి వినడం, రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టడం. ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపి చూసింది.

"ఏం మేస్త్రిగారూ, దోమలా?"

"ఉష్! చప్పుడు ఎక్కడికి పోతోందో చూస్తున్నా."

"చూసేదెట్లా, అది కనబడదుగా!" అని ఆవిడ నవ్వుకుంటూ మళ్ళీ ఊడవసాగింది.

హాలు మధ్యలో కొడితే చప్పుడు పైకప్పుకి తగిలి గింగిరాలు తిరిగి వస్తోంది. కిటికీ పక్కనా అంతే. కానీ, పిల్లలు రంగులు వేసేటప్పుడు తొడుక్కునే పాత చొక్కాలు వరసగా వేలాడదీసిన చోట కొడితే, చప్పట్లు అక్కడికక్కడే చచ్చిపోయాయి. మేస్త్రికి ఒళ్ళు పులకరించింది. ఆ చొక్కాలన్నీ తీసేసి కొట్టాడు. గింగురుమంది. మళ్ళీ తగిలించి కొట్టాడు. నిశ్శబ్దం. "గుడ్డ తాగేస్తోందే చప్పుణ్ణి!" అని పైకే అన్నాడు.

ఇంత కనిపెట్టిన మనిషి ఆ ప్రకారమే చేశాడనుకుంటున్నారా? అబ్బే! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. గుడ్డలు సరే, అసలు మందు తలుపే కదా అనుకున్నాడు. షెడ్డులో పదిరోజులు కూర్చుని, పైకప్పు దాకా వచ్చే చెక్కపలకలు, వాటికి లోపలివైపు మందపాటి దుప్పట్లు, ముందు ఒక టేకు తలుపు తయారుచేశాడు. అంత బాగా కుదిరిన తలుపు ఆయన జన్మలో చెయ్యలేదు. ఆదివారం నాడు బండిలో వేసుకుని బడికి తెచ్చి, పలకలన్నీ నిలబెట్టి, తలుపుకి బందులు బిగించబోతుండగా కూతురు వచ్చింది.

"తలుపు వద్దు నాన్నా."

"వద్దేమిటే? నీ గొంతు కోసమేగా ఇదంతా!"

"తెలుసు. అయినా వద్దు." ఆమె గొంతు గీరుకుపోతోంది. "స్కేలు మాస్టారు గుర్తున్నాడా నీకు? నా మూడో తరగతి."

"ఉన్నాడు. పిల్లల్ని భలే అదుపులో పెట్టేవాడు."

"ఒకరోజు లెక్క తప్పిందని తలుపేసి, స్కేలు అంచుతో నా వేళ్ళ కణుపుల మీద కొట్టాడు. లెక్క సరిగ్గా వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు. తలుపు వేసేముందు నువ్వు కనబడ్డావు నాకు. వరండాలో బెంచీ కాళ్ళు బిగిస్తున్నావు."

మేస్త్రి చేతిలో స్క్రూలు అలాగే ఉండిపోయాయి. "నేను అక్కడే ఉన్నానా? ఒక్క కేక వేస్తే పరిగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి కదే!"

"వేశాను నాన్నా. చాలా వేశాను."

ఆయన స్క్రూలు కింద పెట్టేశాడు.

"మరి ఇంటికొచ్చి ఎందుకు చెప్పలేదే?"

"చెబుదామనే వచ్చాను. నువ్వు అప్పటికే అమ్మతో చెబుతున్నావు. రెండు గంటలు వరండాలో కూర్చున్నా ఒక్క చప్పుడు బయటికి రాలేదు, తలుపంటే అదీ అని. ఎంత సంతోషంగా ఉన్నావో! ఇంకేం చెప్పను?"

మేస్త్రి ఆ తలుపు పక్కనే నేలమీద కూలబడ్డాడు. ఏడుపు ఆయనకి చేతకాదు. చేతకాకుండానే ఏడ్చాడు. కూతురు పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది.

"ఇక్కడ పక్క టీచరు నన్ను చూస్తుంటుంది, నేను ఆవిణ్ణి చూస్తుంటాను. ఏ పిల్ల ఏడ్చినా ఆరుగురికీ తెలుస్తుంది. నా గొంతు పోతే పోనీ నాన్నా, నా పిల్లల్ని మాత్రం తలుపు వెనక పెట్టను."

"పోనివ్వను," అన్నాడు మేస్త్రి ముక్కు తుడుచుకుంటూ. "తలుపూ పెట్టను, నీ గొంతూ పోనివ్వను."

ఆ పూటే పలకలన్నీ టీచరు నిలబడితే తలా భుజాలూ పైకి కనబడేంత ఎత్తుకి కోసేశాడు. తలుపు పెట్టాల్సిన చోటు ఖాళీగా వదిలేశాడు. పలకలకి పుస్తకాల అరలు కట్టి, వెనకవైపు దుప్పట్లు రెండు వరసలు కొట్టాడు. పైకప్పు నుంచి దళసరి గుడ్డలు వేలాడదీశాడు. హాల్లో ఉన్న ప్రతి కుర్చీ కాలికీ గుడ్డముక్క అంటించాడు. తలుపుని ఎవరికీ అమ్మలేదు, ఎవరికీ చూపించలేదు.

పదిరోజుల తరవాత డాక్టరు గొంతు చూసి వాపు తగ్గుతోందన్నాడు. మర్నాడు మేస్త్రి బడికి వెళ్ళి హాలు ఆ చివర నిలబడ్డాడు. కూతురు చాప మీద కూర్చుని, పిల్లల్ని చుట్టూ పోగేసుకుని, ఇంట్లో మాట్లాడినట్టు మెల్లగా పాఠం చెబుతోంది. తలుపు లేని ఆ ఖాళీలోంచి పెదాలు కదలడం కనబడుతోంది గానీ ఒక్క మాట ఇటు రావడంలేదు. పని బ్రహ్మాండంగా కుదిరింది. ఇంకొకడైతే అక్కడితో సంతోషపడి ఇంటికి పోయేవాడు.

మేస్త్రి మాత్రం కూతురి దగ్గరికి నడిచి వెళ్ళాడు. "ఒక్కసారి గట్టిగా కేక వెయ్యమ్మా."

"డాక్టరు తిడతాడు నాన్నా."

"ఒక్క కేకకి నేను తిట్లు తింటాలే. నాకు వినబడుతుందో లేదో తెలియాలి."

మళ్ళీ హాలు ఆ చివరికి వెళ్ళి, కూతురి వైపు వీపు పెట్టి, గోడకి ముఖం చేసి నిలబడ్డాడు.

"నాన్నా!"

ఆరు తరగతులూ ఒక్కసారిగా తలలు తిప్పాయి. టీచర్లందరూ లేచి నిలబడ్డారు.

"వస్తున్నా తల్లీ!" అంటూ, అరవై నాలుగేళ్ళ మేస్త్రి చెప్పులు కూడా వదిలేసి పిల్లల మధ్యలోంచి పరిగెత్తాడు.