పదికి ఏడు డ్రమ్ములు

మే నెల రెండో మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా వీధి చివర లాండ్రీ నడిపే ఆమె గేటు కొట్టింది. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకోవడం నా అలవాటు.

"టీచరమ్మా, బోరు అడుగంటిపోనాది. కాలనీ కమిటీ వోళ్లు నెల గడువిచ్చినారు. టేంకరు అడక్కూడదంట, కాలవలో నురగ కనపడకూడదంట. నేదంటే దుకాన్ బంద్!"

ఆమె ఈ ఉక్కు ఊళ్లోనే, క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీలో పుట్టింది; పెద్దవాళ్లది శ్రీకాకుళం వైపు. పెళ్లయి మా కాలనీ స్మృతి నగర్ వచ్చినప్పటి నుంచీ ఆ రేకుల షెడ్డే జీవనం. భర్తకు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో పని. ఆ శనివారమే అతను ఒక ఫిల్టరు తెచ్చి బిగించాడు.

ఉతికిన నీళ్లు ముందు సిమెంటు తొట్టిలో తేరుకుంటాయి. తర్వాత ఇసుకలోంచి దిగుతాయి. ఆఖరున పంపు వాటిని తెల్లటి పొడవాటి గొట్టంలోకి నెడుతుంది. దాని నిండా సేమియా లాంటి బోలు పోగులు. కంటికి కనపడని రంధ్రాల్లోంచి నీళ్లు బయటికొస్తాయి, మురికి లోపలే ఆగుతుంది. ఆ పోగులనే మెంబ్రేన్ అంటారట. అలా వచ్చిన నీళ్లతో మళ్లీ ఉతకడం. ఆఖరి జాడింపుకి మాత్రమే బోరు నీళ్లు.

లెక్క నేను రాస్తానన్నాను. ఆదివారం పది డ్రమ్ములు పోస్తే ఏడు తిరిగొచ్చాయి. సోమవారం ఆరు. గురువారం అయిదు. మళ్లీ సోమవారం నాలుగు, గురువారం మూడు. మధ్య రోజుల్లో తగ్గేది కాదు, పెరిగేదీ కాదు.

"నీ పంపే ఖరాబ్," అంది భార్య.

"నీ సబ్బు పౌడరు ఖరాబ్," అన్నాడు భర్త.

నేను పుస్తకం తెరిచి, సోమ, గురువారాల్లో ఏం ఉతుకుతావని అడిగాను.

ఆమె నవ్వాపుకుంది. "మీ చీరలేనమ్మా."

"వాటిలో ఏముంది?"

"ఏటున్నాదంటారేటి! నిలబెడితే మీరు నేకుండానే బడికెళ్లి పాఠం చెప్పీసొస్తాయి. అంత గంజి!"

దుకాణంలోని గంజి పొడి నచ్చక, ఇంట్లో వార్చిన గంజి క్యానుతో పంపేదాన్ని. మిగిలింది ఆమె తొట్టిలోనే పారబోసేది. భర్త గొట్టం విప్పి చూపించాడు. పోగుల మూతుల్లో, లోపలంతా జిగట పొర. రెండు రోజులు దుకాణం ఆపి, బట్టల సోడా కలిపిన నీళ్లు వెనక్కి నెట్టి కడిగాడు. ఆరు డ్రమ్ములే వచ్చాయి, ఏడో డ్రమ్ము మళ్లీ రాలేదు.

నా చీరలు విడిగా ఉతకాలంటే ప్రతిసారీ అర డ్రమ్ము నీళ్లు పారబోయాలి. లెక్క కుదరలేదు. గంజి మానేశాను.

గడువు రోజున కమిటీ వాళ్లొచ్చి కాలవంతా చూశారు. నురగ లేదు. ఒకాయన ఫిల్టరు నీళ్లు చేతిలో పోయించుకుని, "ఇది బోరు నీళ్లా?" అని అడిగాడు. దుకాణం ఉంచుకోమన్నారు.

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నాళ్లకి మీ చీర మీతో పాటు కూచున్నాదమ్మా!" అంది.

పోయినవి: రెండో గురువారం వరకు నా గంజి వల్ల తిరిగిరాని నీళ్లు ఇరవై నాలుగు డ్రమ్ములు. అప్పటి నుంచి రోజుకొక డ్రమ్ము. దుకాణం మూసిన రోజులు రెండు. ఆరు నేత చీరల బిగువు.