నార్మల్ ఛాతీ

నా రోగం తగ్గింది. ఆ రోజు ఒక పిల్లకి జరిగినది మాత్రం తగ్గలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సికింద్రాబాదులో ఒక బోధనాసుపత్రిలో, ఊపిరితిత్తుల విభాగంలో పీజీ చేస్తున్న రోజులవి. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వేడెక్కేది. పొడిదగ్గు. పారాసిటమాల్ మింగి డ్యూటీ చేసేదాన్ని. చిలకలగూడలో మా అమ్మ చర్చిలో ప్రార్థన చేయించింది. ఆసుపత్రి వరండాలో ఎదురైన ప్రతి డాక్టరూ నడుస్తూనే ఒక సిరప్ పేరు చెప్పారు. మెడలోని స్టెతస్కోపు మాత్రం ఎవరూ తీయలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మా దగ్గర పెరటి మనిషికి వైద్యమే లేదు. పైగా సన్నబడ్డానని అందరూ మెచ్చుకున్నారు.

మా విభాగాధిపతి మేడం అంటే నాకు ప్రాణం. ఆడపిల్లలకు డ్యూటీ గది కోసం పైవాళ్లతో పోట్లాడిన మనిషి. తన క్యారియర్‌లోంచి తీసి నాకు అన్నం పెట్టేవారు.

పరీక్షల ముందు మాకొక అలవాటు. ఛాతీ మీద వేలితో కొట్టి వినడం నేర్పేటప్పుడు, ఆరోగ్యంగా ఉన్న ఛాతీ ఎలా మోగుతుందో ముందు తెలియాలి. అందుకని పీజీల్లో ఒకరిని కూర్చోబెడతారు. ఆ రోజు అమ్మాయిల బ్యాచ్‌కి నేను కూర్చున్నాను.

తెలుగు మీడియంలో చదివొచ్చిన ఒక ఎంబీబీఎస్ అమ్మాయి నా వీపు మీద కొడుతూ ఆగిపోయింది.

"మేడం, కుడి దిక్కు కింద జెర మొద్దుగ మోగుతున్నది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇంగ్లీషులో చెప్పు. అయినా ఇది నార్మల్ ఛాతీ అమ్మా. నార్మలే తెలియకపోతే నువ్వేం డాక్టరవుతావు? మళ్లీ కొట్టు," అన్నారు మేడం.

మళ్లీ కొట్టింది. "గట్లనే ఉన్నది మేడం."

మేడం ఆమెను బయట నిలబెట్టారు. తర్వాత కొట్టిన వాళ్లందరూ నార్మల్ అన్నారు.

ఆ వారంలోనే నేను ఆయాసంతో పడిపోయాను. ఎక్స్‌రేలో కుడివైపు కింద, ఆ అమ్మాయి మొద్దుగా ఉందన్నచోటే, నీరు. క్షయ. మేడం నా మంచం పక్కన కూర్చుని ఏడ్చారు. నేను కోలుకున్నాక డాక్టర్ల ఆరోగ్యం మీద సభ పెట్టి, "మా క్లాసులోనే పట్టుకున్నాం," అని నన్ను చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. చివరి వరసలో ఆ అమ్మాయి కూడా కొట్టింది.

"ఆ పిల్లకి ఒక్క మాట చెప్పండి మేడం," అన్నాను.

"చెప్తాలే," అన్నారు. చెప్పలేదు.

నువ్వే కరెక్టని ఆ పిల్లకి నేనే చెప్పాను. "మీరంటే ఏమైతది అక్కా, మార్కులు మేడం చేతిల ఉన్నయి," అంది.

కొన్నాళ్లకు ఒక ఉదయం రౌండ్స్‌లో, తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక ముసలమ్మను ఇంటికి పంపాలనుకున్నారు. "తగ్గిపోయింది కదా, ఒకసారి కొట్టి చూడు," అన్నారు మేడం ఆ అమ్మాయితో. ఆమె కొట్టింది. ఒకచోట వేలు ఆగింది. మళ్లీ అక్కడే కొట్టింది. తలెత్తి మేడం ముఖం చూసింది.

"నార్మల్ మేడం."

"చూశావా, ఎంత మెరుగుపడిందో," అని మేడం నా వైపు తిరిగి మురిసిపోయారు.

అందరూ పక్క మంచానికి కదిలాక నేను ముసలమ్మ వీపు మీద కొట్టాను. కింద మొద్దుగా ఉంది. డిశ్చార్జి ఆపమని నర్సుకు చెప్పి ఆ అమ్మాయిని పక్కకు పిలిచాను.

"నీకు వినపడలేదా?"

"వినపడ్డది అక్కా," అంది.